చేతి గడియారం: అసలు, నకలు, అంటు

మనిషి నగలాగా ఒంటిమీద పెట్టుకు తిరిగే యంత్రం చేతి గడియారం ఒక్కటే. కాలం తెలుసుకోవడానికి నేడు దాని అవసరం లేదు. ఆ పని జేబులోని ఫోను చేస్తున్నది. ఐనా వాచీ పోలేదు సరిగదా, కాలేజీ కుర్రవాళ్ల మణికట్టు మీద మునుపటికంటె పెద్దదై, బరువై కనిపిస్తున్నది. దాని డయలు మీద తరచుగా స్విట్జర్లాండులోని ఏ మహాకంపెనీ పేరో ఉంటుంది. ధర అడిగితే పదిహేను వందలంటారు, రెండువేలంటారు. ఆ పేరుతో నిజంగా వచ్చే వాచీ లక్షల్లో ఉంటుంది. మన పాఠం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఇట్లాంటి నకలు వాచీలు కొనడం, వాటి డయళ్లూ ముళ్లూ మార్చి తమకు నచ్చినట్టు తయారు చేసుకోవడం అనేక దేశాల్లో ఒక హాబీగా ఉన్నది. మన విద్యార్థుల్లోనూ ఆ సరదా కనిపిస్తున్నది. ఇందులో మంచి విద్య ఒకటి ఉన్నది. దానితో ఒక అబద్ధమూ కలిసి ఉన్నది. విద్యను ఉంచుకుని అబద్ధాన్ని వదులుకోవడం ఎట్లాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తోట చెప్పే సూత్రం

నూజివీడు ప్రాంతం వాళ్లకు దీన్ని మామిడి మొక్కతో చెప్పడం సులభం. చిన్నరసం టెంక పాతితే చిన్నరసం చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. పూతలో ఒక చెట్టు పుప్పొడి ఇంకొక చెట్టు మీద పడుతుంది గనుక టెంకలో ఏ గుణం దాగి ఉన్నదో చూసి చెప్పలేం. అందుకని ఏదో ఒక మామిడి టెంక నుంచి మొలిచిన మొక్కను వేరుగా ఉంచుకుని, దానిమీద చిన్నరసం కొమ్మను అంటు కడతారు. వేరు ఒక జాతి, కొమ్మ ఒక జాతి. ఐనా ఆ మొక్కను దొంగమొక్క అని ఎవరూ అనరు. మన ఊళ్లోనే మామిడి పరిశోధన కేంద్రం ఉన్నది. అంటు కట్టడం శాస్త్రం, పైగా గౌరవమైన పని.

మరి మోసం ఎప్పుడవుతుంది? టెంకమొక్కకు "చిన్నరసం అంటు" అని చీటీ కట్టి అమ్మినప్పుడు. ఆ మోసం కొన్న రోజున రైతుకు తెలియదు. నాలుగైదేళ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి, కాపు చూశాక తెలుస్తుంది. అప్పటికి పోయింది మొక్క ఖరీదు కాదు, ఐదేళ్ల కాలం.

వాచీకీ ఇదే సూత్రం. ఒక కంపెనీ యంత్రం మీద వేరే డయలు, వేరే ముళ్లు బిగించడం అంటుకట్టడం వంటిది. తనది కాని పేరును డయలు మీద అచ్చువేయడం చీటీ మార్చడం వంటిది. పైకి చూస్తే రెండూ మార్పులే. మొదటిది చేతిపని, రెండవది మోసం.

నాలుగు రకాలు

బజారులో దొరికే వాచీలను మన అవసరం కొద్దీ నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది అసలు. డయలు మీద ఏ పేరు ఉన్నదో ఆ కంపెనీ బాధ్యతతో వచ్చినది. రెండవది నకలు. వేరెవరో తయారుచేసి గొప్ప కంపెనీ పేరు, గుర్తు వేసినది. మన దుకాణాల్లో దీన్నే "ఫస్ట్ కాపీ" అంటారు, "సెవెన్ ఏ" అంటారు. ఈ తరగతులు ఇచ్చే పరీక్షాధికారి ఎవరూ లేరు. అమ్మేవాడి నోటికి వచ్చినవే అవి.

మూడవది పోలిక వాచీ. రూపం ఒక ప్రసిద్ధమైన వాచీని పోలి ఉంటుంది గాని డయలు మీద తన సొంత పేరే ఉంటుంది. నాలుగవది మార్పు వాచీ. దొరికే విడిభాగాలతో ఎవరో ఒకరు తన బల్లమీద కూర్చుకున్నది. దీనికి పేరు లేకపోయినా ఫరవాలేదు. వేరేవాళ్ల పేరు మాత్రం ఉండరాదు.

పాత వాచీల్లో ఇంకొక చిక్కు ఉన్నది. నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒక వాచీ చేసి, అది ఫ్యాక్టరీ నుంచి అట్లాగే వచ్చినట్టు అమ్ముతారు. దాని సంగతి తరువాత చూద్దాం.

నకలు కొత్తది కాదు

దొంగపేరు వేయడం మన కాలంలో పుట్టిన విద్య కాదు. 18వ శతాబ్దంలో లండన్ గడియారాలకు గొప్ప పేరుండేది. అందుచేత యూరప్ ఖండంలో చౌకగా చేసిన గడియారాల మీద లండన్ పనివాళ్ల పేర్లు, కొన్నిసార్లు అసలు లేని మనుషుల పేర్లు చెక్కి అమ్మేవారు. పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే అనే మహాశిల్పి ఈ బెడద పడలేక, 1795 ప్రాంతంలో డయలు మీద కంటికి సులభంగా ఆనని రహస్య సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. వెలుతురును ఏటవాలుగా పడనిస్తే తప్ప అది కనిపించదు.

మన దేశానికి వద్దాం. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాలు తయారుచేయడం మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అనే పేర్లు మన ఇళ్లల్లో మనుషుల పేర్లంత పరిచయమైనవి. పెళ్లికొడుక్కి వాచీ పెట్టడం, కాలేజీలో చేరిన కొడుక్కి మామిడి కాపు డబ్బు చేతికి రాగానే వాచీ కొనివ్వడం ఆ రోజుల ఆనవాయితీ. 1980ల్లో మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్‌ను స్థాపించారు. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్‌ను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం అనుమతించింది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. హెచ్.ఎం.టి. జనతా లోపలి యంత్రం నమూనా సిటిజన్‌ది. ఆ అర్థంలో అది కూడా కాపీయే! ఐతే అది ఒప్పందం మీద, సాంకేతిక విద్య నేర్చుకుని, తన సొంత పేరుతో చేసిన కాపీ. జనతా డయలు మీద సిటిజన్ అని ఎవరూ రాయలేదు.

గొప్ప కంపెనీలు సైతం ఇతరుల యంత్రాలను మార్చి వాడుకున్నాయి. రోలెక్స్ వారి డేటోనా వాచీలో 1988 నుంచి 2000 వరకు ఉన్నది జెనిత్ కంపెనీ యంత్రం ఆధారంగా చేసినదే. జెనిత్ యంత్రం గంటకు 36,000 సార్లు కొట్టుకునేది. రోలెక్స్ దాన్ని 28,800కు తగ్గించి, ఇంకా ఎన్నో భాగాలు మార్చి వాడుకున్నది. కనుక మార్పు అనేది చిన్నతనం కాదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. యంత్ర నిర్మాణం మీద ఉండే పేటెంటు మన దేశంలో 20 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత ఆ నిర్మాణం అందరిదీ. ఈటా 2824 అనే స్విస్ యంత్రాన్ని పోలిన యంత్రాలు చైనాలో బాహాటంగా తయారవుతున్నవి అందుకే. గాని ట్రేడ్‌మార్కు, అనగా పేరు, పదేళ్లకొకసారి రెన్యూవల్ చేసుకుంటూ పోతే ఎన్నటికీ ముగియదు. యంత్రం కొంతకాలానికి లోకం సొత్తు అవుతుంది. పేరు మాత్రం యజమానిదే.

లోపల ఏమి జరుగుతుంది

వాచీ కొనేముందు దాని లోపలి సంగతి కొంచెం తెలియాలి. కీ ఇచ్చే వాచీలో మూలశక్తి ఒక చుట్టుకున్న స్ప్రింగు. అది విప్పుకుంటూ పళ్లచక్రాల వరుసను తిప్పుతుంది. అడ్డు లేకపోతే ఆ స్ప్రింగు కాసేపట్లో విప్పుకుపోతుంది. ఆ అడ్డు పెట్టేది ఎస్కేప్‌మెంటు. దానికి తాళం వేసేది బాలెన్సు చక్రం, వెంట్రుక వంటి దాని స్ప్రింగు. చక్రం అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ ఒక పన్ను వదులుతుంది. మనం వినే టిక్ టిక్ అదే.

జనతా వాచీ గంటకు 18,000 సార్లు, అనగా క్షణానికి 5 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000 సార్లు. రోజుకు పది క్షణాలు తప్పినా ఆ తప్పు 8,640లో ఒక వంతు. ఇంత చిన్న యంత్రం, చేతితో పాటు ఊగుతూ, ఎండలోనూ చలిలోనూ ఇంత లెక్కగా నడవడం చిన్న విషయం కాదు.

సెల్లు వాచీలో పని వేరు. క్వార్ట్జ్ స్ఫటికం క్షణానికి 32,768 సార్లు కంపిస్తుంది. ఇది 2 యొక్క 15వ ఘాతం. ఎలక్ట్రానిక్ సర్క్యూటు దీన్ని పదిహేను సార్లు సగం చేస్తే క్షణానికి ఒకటి మిగులుతుంది. ముల్లు ఒక అడుగు వేస్తుంది. సీకో వారు 1969 డిసెంబరు 25న ఇట్లాంటి మొదటి చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టారు.

కాబట్టి క్షణాల ముల్లు చూస్తే కొంత కథ తెలుస్తుంది. అది క్షణానికొక అడుగు వేస్తే సాధారణంగా సెల్లు వాచీ. సన్నసన్న అడుగులతో జారుతున్నట్టు పోతే కీ వాచీ గాని, చేతి కదలికతో తనకు తానే కీ తిరిగే ఆటోమేటిక్ గాని. అసలు వాచీ ఆటోమేటిక్ ఐ ఉండి, మన చేతిలోది టక్కుటక్కున నడిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. డయలు మీద ఉన్న చిన్న వలయాలు స్టాప్ వాచీ పని చేయకుండా, వారమో ఇరవైనాలుగు గంటలో చూపుతున్నా అంతే.

కొనేటప్పుడు

పాత హెచ్.ఎం.టి.లకు ఈ మధ్య మళ్లీ గిరాకీ వచ్చింది. దానితోపాటు పాత యంత్రాలకు కొత్త రంగుల డయళ్లు అచ్చువేసి "కొత్తది, వాడనిది" అని అమ్మేవాళ్లు బయలుదేరారు. సేకరించేవాళ్లు వీటిని వేళాకోళంగా "ముంబై స్పెషల్" అంటారు. కొనేవాళ్లు నాలుగు పరీక్షలు చేయాలి.

ఒకటి, డయలు మీది అచ్చును భూతద్దంతో చూడండి. అక్షరాల అంచులు పాకినట్టున్నా, నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా కుదరకపోయినా అనుమానించాలి. రెండు, వెనుక మూత తీయించి యంత్రం మీద కంపెనీ ముద్ర, నంబరు చూడండి. తీయడానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనవద్దు. మూడు, డయలు కొత్తగా మెరుస్తూ కేసు మాత్రం అరిగి ఉన్నదా చూడండి. రెండూ ఒకే వయస్సు కావాలి గదా! నాలుగు, ఒక రోజు నడిపి చూడండి. అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి.

డయలు మార్చిన వాచీ కొనరాదని కాదు. "డయలు మార్చాం" అని చెప్పి, ఆ ధరకే ఇస్తే నిక్షేపంగా కొనవచ్చు. అప్పుడది అంటుమొక్కే.

నకలు సంగతి వేరు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 2003లో అమలులోకి వచ్చింది. దాని 103, 104 సెక్షన్ల ప్రకారం దొంగ ట్రేడ్‌మార్కు వేయడం, అట్లాంటి సరుకు అమ్మడం, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభైవేల నుంచి రెండులక్షల వరకు జరిమానా ఉంటాయి. హాస్టల్లో నాలుగు తెప్పించి మూడు స్నేహితులకు అమ్మే కుర్రవాడు ఇది వ్యాపారం కాదని అనుకుంటాడు. చట్టం అట్లా అనుకోదు.

చట్టం మాట పక్కన పెట్టినా లాభం లేదు. నకలు చేసినవాడు డబ్బంతా కనిపించే వైపు ఖర్చుపెడతాడు. లోపల నూనె వేశాడో లేదో, మూత కింద రబ్బరు వలయం ఉన్నదో లేదో కొనేవాడికి తెలియదు. చెడితే అడగడానికి కంపెనీ లేదు. డయలు మీద పేరున్న కంపెనీ దాన్ని తనదని ఒప్పుకోదు. చేసినవాడి పేరు దానిమీద లేనే లేదు.

మార్చేటప్పుడు

చేతిపని నేర్చుకోవాలనే విద్యార్థికి నకలు వాచీ అక్కర్లేదు. మొదట చెడిపోయిన చౌక వాచీ ఒకటి తీసుకుని విప్పి మళ్లీ బిగించడం సాధన చేయాలి. తరువాత పేరు లేని కేసు, పేరు లేని డయలు, మంచి యంత్రం కొనుక్కోవచ్చు. ఈ హాబీలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది సీకో వారి ఎన్.హెచ్. 35 అనే ఆటోమేటిక్ యంత్రం. అది గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, 24 జ్యూయళ్లది. దానికి తగిన డయలు సాధారణంగా 28.5 మిల్లీమీటర్లు. ముళ్ల రంధ్రాలు గంటలకు 1.5, నిమిషాలకు 0.9, క్షణాలకు 0.2 మిల్లీమీటర్లు. వేరే యంత్రం ముళ్లు ఇందులో కూర్చోవు. కొలత చూడకుండా కొన్న సామాను మూలన పడుతుంది.

పనిముట్లు కొద్దే: కంటికి పెట్టుకునే అద్దం, సన్నని స్క్రూడ్రైవర్లు, సన్న ట్వీజరు, ముళ్లు ఎత్తే మీట, ముళ్లు నొక్కే పుల్ల, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. నోటితో ఊదరాదు; నోటి తేమ లోపల తుప్పు అవుతుంది. ఫాను ఆపి, తెల్ల కాగితం పరిచి పని మొదలుపెట్టండి. స్క్రూ ఎగిరినా కనిపిస్తుంది.

ముళ్లు బిగించడంలో కిటుకు ఒకటి ఉన్నది. తేదీ ఉండే యంత్రమైతే ముందు కీ తిప్పుతూ తేదీ మారే క్షణం పట్టుకోవాలి. అప్పుడు గంటల ముల్లును సరిగ్గా 12 మీద పెట్టాలి. దానిమీద నిమిషాల ముల్లు, ఆపైన క్షణాల ముల్లు. ఒకదానికొకటి తగలకుండా పన్నెండు గంటలూ తిప్పి చూడాలి. ఇట్లా చేయకపోతే మధ్యాహ్నం మూడింటికి తేదీ మారే వాచీ తయారవుతుంది!

మూడు హెచ్చరికలు. పాత వాచీల ముళ్ల మీద చీకట్లో వెలిగే పూతను గోకవద్దు. 1960ల దాకా వచ్చినవాటిలో నిజమైన రేడియం ఉండవచ్చు. వెలుగు పోయినా దాని ప్రమాదం పోదు. మనవాళ్లు నేటికీ మెరిసే స్టిక్కరును రేడియం అంటారు గాని ఇప్పటి వాచీల్లో ఉండేది వెలుతురు పీల్చుకుని వదిలే రసాయనమే. రెండవది, వెనుక మూత మీద 30 మీటర్లు అని ఉంటే అంతలోతు మునగవచ్చని కాదు. చేయి కడిగేటప్పుడు పడే చుక్కలకు తట్టుకుంటుందని మాత్రమే. మన చేతితో ఒకసారి మూత తెరిచాక, పరీక్ష చేయించేదాకా ఆ మాత్రం నమ్మకం కూడా పెట్టుకోరాదు. మూడవది, వాచీ ఉన్నట్టుండి ముందుకు పరుగెత్తితే స్ప్రింగు అయస్కాంతం పట్టి ఉండవచ్చు. స్పీకరు పక్కన పెట్టి నిద్రపోయారేమో చూసుకోండి. డీమాగ్నెటైజరుతో క్షణాల్లో కుదురుతుంది; ఫిజిక్సు విద్యార్థులకు చక్కని ప్రయోగం.

ఎక్కడ ఆగాలి

మార్పు నేర్చిన చేతికి ఇంట్లో అన్నీ మార్చాలనిపిస్తుంది. తాతగారి జనతా బీరువాలో పడి ఉంటుంది. డయలు పసుపెక్కింది, అంకె ఒకటి చెరిగింది. నూరు రూపాయల కొత్త డయలు వేస్తే తళతళలాడుతుంది. వేయవచ్చా?

ఆ పసుపు తాతగారి ముప్పై ఏళ్ల చెమట, ఎండ, తోటపని. దాన్ని ఒకసారి తీసి పారేస్తే ఏ ఫ్యాక్టరీ తిరిగి ఇవ్వలేదు. ఆ ఫ్యాక్టరీయే లేదు. శుభ్రం చేయించండి, నూనె వేయించండి, పగిలిన అద్దం మార్చండి, కొత్త బెల్టు వేయండి. డయలు మాత్రం ముట్టుకోవద్దు. తప్పక మార్చవలసివస్తే పాతదాన్ని చీటీ రాసి డబ్బీలో దాచండి. వెనక్కు తీసుకోగల మార్పు నిర్భయంగా చేయవచ్చు. వెనక్కు తీసుకోలేని మార్పుకు ముందు ఇంట్లో పెద్దలను అడగాలి.

ఇక అమ్మేటప్పుడు నియమం ఒక్కటే. కొన్నవాడు రేపు ఇంకొకరికి అమ్ముతాడు. మీరు ఇవాళ నోటితో చెప్పిన నిజం అతనితో పోదు. కాగితం మీద రాసి ఇవ్వండి: యంత్రం ఫలానాది, డయలు కొత్తది, కేసు వేరేది. ఒక రాత్రి కూర్చుని కట్టిన వాచీకి అంతకంటె గౌరవమైన గ్యారంటీ కార్డు లేదు.

చివరిమాట

బజారు వీధుల్లో గాజుపెట్టె వెనుక కన్నద్దం పెట్టుకుని కూర్చునే వాచీ రిపేరు పనివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. కీ వాచీ నూనె వేసే పని తెలిసినవాడి దగ్గరకు వచ్చే గిరాకీ ఇప్పుడు సెల్లు మార్చడం, బెల్టు కోయడం. ఆయన కొడుకు ఫోన్ల రిపేరుకు వెళ్లాడు. ఆ పనివాడి చేతిలో ఉన్నది పుస్తకాల్లో దొరికే విద్య కాదు. ఎంత బలంతో నొక్కితే ముల్లు కూర్చుంటుందో వేలికి మాత్రమే తెలుసు. రెండువేలు పెట్టి దొంగపేరు కొనే బదులు, అందులో నాలుగో వంతు ఆయన చేతిలో పెట్టి ఇంట్లో ఆగిపోయిన వాచీని నడిపించమని అడగండి. పక్కన నిలబడి చూడనివ్వమని అడగండి. చాలామంది కాదనరు.

మన యూనియన్ తలుచుకుంటే సంవత్సరానికొకసారి ఆయనను ఫిజిక్సు ల్యాబుకు పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, ఒక పూట పాఠం చెప్పించవచ్చు. ప్రతి విద్యార్థీ ఆగిపోయిన వాచీ ఒకటి తెచ్చుకోవాలి. సాయంత్రానికి సగం నడిచినా చాలు. నడిచిన వాచీ మీద ఏ పేరున్నా, దాన్ని నడిపించింది ఎవరో మాత్రం నిజంగా తెలిసి ఉంటుంది.